తలుపును కొట్టిన టీచరు

పిల్లలున్నారా అని కంప్యూటర్ తెరలో మనిషి అడిగితే, లేరు అని ఆయన తడుముకోకుండా చెప్పేశాడు. పక్కన కూర్చున్న ఆమె కొంగు చివర వేలికి చుట్టుకుంటూ తెరలోకే చూస్తూ ఉండిపోయింది. ఆయన చెప్పింది అబద్ధమేమీ కాదు. అప్పటికి వాళ్లకు పిల్లలు లేరు. అంతకు కొన్ని నెలల ముందు వరకు ఒకతి ఉండేది. నాలుగేళ్లది, పొట్టిగా గుండ్రంగా ఉండేదని ఇంటిల్లిపాదీ బుడంకాయ అనేవాళ్లు. మాయదారి జ్వరం ఒకటి వచ్చి, వారం తిరక్కుండా ఎత్తుకుపోయింది. నిజమే అయినా, ఆ మాట అంత సులువుగా నోట్లోంచి ఊడిపడకూడదని ఆమెకు అనిపించింది. ఒక్క క్షణం గొంతు సవరించుకుని ఉంటే, కనీసం నీళ్ల గ్లాసు అందుకుని ఉంటే, ఆమె ఆయన వెంట ఏ దేశానికైనా మనసారా వెళ్లేది.

ఆ ఉద్యోగం దంపతులకే ఇస్తారు. సముద్రాలవతల చిన్నపిల్లలకు ఇంగ్లీషు నేర్పే బడి. ఒక్కో తరగతికి ఇద్దరు టీచర్లు. ఒకరు మాట చెబుతారు, ఇంకొకరు చేసి చూపిస్తారు. ఆయన దూకండి అంటే ఆమె దూకాలి, ఆయన నిద్రపోండి అంటే ఆమె గురక పెట్టాలి. మొగుడూపెళ్లాలైతే ఒకరి చేతులు ఒకరికి తెలిసి ఉంటాయనీ, ఒకే ఇంట్లో సర్దేయొచ్చనీ ఆ బడివాళ్ల లెక్క. పిల్లలు లేనివాళ్లయితే మరీ మంచిదని ప్రకటనలోనే వేశారు. ఇద్దరూ ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు చెప్పినవాళ్లే. తాడూ బొంగరం లేనివాళ్లం, ఎక్కడైతేనేం అని ఆయన అన్నాడు. నీళ్లు మారితే మనసు కుదుటపడుతుందే, వెళ్లి రా అని ఆమె అక్క కూడా చెప్పింది. నీళ్లయితే మారాయి.

వచ్చిన మొదటి వారంలోనే ఆయన ఒక షరతు పెట్టాడు. బడిలో ఇంగ్లీషు తప్ప ఇంకో భాష నోట రాకూడదని నిబంధన ఉంది. టీచర్లకు వేరే భాష ఒకటి వచ్చన్న సంగతే పిల్లలకు తెలియకూడదట. తెలిస్తే బద్ధకిస్తారట. కాబట్టి ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడుకుంటే నాలుకకు అలవాటవుతుందని ఆయన అన్నాడు. ఇదేం చాదస్తమండీ అని ఆమె నవ్వబోయింది. ఆయన నవ్వలేదు. సరే, నాలుగు రోజుల ముచ్చటే కదా అనుకుంది. అది ఏడాది ముచ్చట అయింది.

ఎటువంటి మనిషి ఎలా అయ్యాడా అని ఆమెకు ఆశ్చర్యంగా ఉండేది. ఒకప్పుడు ఆయన నోట్లో నువ్వుగింజ నానేది కాదు. కూరలవాడితో బేరం దగ్గర మొదలుపెట్టి, వాడి మేనల్లుడి పెళ్లి సంబంధం దాకా వెళ్లేవాడు. ఇప్పుడు పొద్దున లేవగానే గుడ్ మార్నింగ్, కాఫీ ఇస్తే థాంక్యూ, చెంబు దొర్లితే సారీ. సొంత ఇంట్లో హోటలు అతిథిలా మసలేవాడు. ఆమెకు పోట్లాడాలని ఉండేది. పదేళ్ల కాపురంలో వాళ్లు కోడిగుడ్డు మీద ఈకలు పీకినట్టు ఎన్నో పోట్లాటలు ఆడుకున్నారు, సాయంత్రానికి కలిసిపోయారు. ఇంగ్లీషులో ఆ సౌకర్యం లేదు. ఆమె గొంతు పెంచితే ఆయన నీ ఇష్టం అని మర్యాదగా చెప్పి పక్క గదిలోకి వెళ్లేవాడు. ఏమండీ అని పిలవడానికి కూడా ఆ భాషలో మాట లేదు. పిలవాలంటే ఎదురుగా వచ్చి నిలబడాల్సిందే.

ఆదివారం వాళ్లమ్మ ఫోన్ చేస్తే మాత్రం ఆయన తెలుగు మాట్లాడేవాడు. ఆ, తిన్నాం. ఆ, బాగున్నాం. ఆ, చలిగానే ఉంది. పెద్దావిడ కూడా తెలివైనదే, అడగకూడనిది అడిగేది కాదు. ఫోన్ పెట్టేసి ఆయన కిటికీ దగ్గర నిలబడి, కింద వీధిలో సైకిళ్లు నిలిపే ఇనుప కమ్మీల వైపు చూస్తూ ఉండేవాడు.

ఆమెకు ఇవన్నీ ఓర్చుకోవడం పెద్ద పని కాదు. ఓర్చుకోలేనిది ఒకటుంది. బుడంకాయ నాన్నకు చెప్పమన్న మాట ఒకటి ఆమె దగ్గర ఉండిపోయింది.

ఆ పిల్ల ఎప్పుడు ఎక్కడ పడినా ఆయన ముందు ఆ వస్తువును కొట్టేవాడు. గడప తగిలితే గడపను, కుర్చీ తగిలితే కుర్చీని, ఏమీ దొరక్కపోతే నేలను. మామూలుగా అందరూ చేసేదే. కాకపోతే ఆయన దానికో కోర్టు పెట్టేవాడు. మా బుడంకాయనే కొడతావా, నీకెంత ధైర్యం, ఇంకోసారి జోలికొస్తావా అని కుర్చీని నిలదీసి, రాను బాబోయ్ అని కుర్చీ గొంతుతో తనే జవాబు చెప్పేవాడు. పిల్ల ఏడుపు మధ్యలో ఆపి, ఇంకోటి వెయ్యి నాన్నా అనేది. ఇలాగైతే రేపు పరీక్ష తప్పినా మాస్టారిని కొట్టమంటుంది అని ఆమె వేళాకోళం చేసేది.

ఆ చివరి సాయంత్రం ఆయన పదో తరగతివాళ్ల స్పెషల్ క్లాసుకు వెళ్లాల్సి ఉంది. మానేయనా అని అడిగాడు. మధ్యాహ్నం నుంచి జ్వరం కాస్త దిగింది. మీరు వెళ్లిరండి, నేనున్నాగా అని ఆమే పంపింది. ఆయన గడప దాటిన కాసేపటికి పిల్ల ఒళ్లు మళ్లీ పెనంలా కాలింది. ఆటోలో ఆమె ఒళ్లో పడుకుని బుడంకాయ ఒకటే మాట అంది. నాన్నను రమ్మనమ్మా, వచ్చి జ్వరాన్ని కొట్టమను అంది. ఆ తర్వాత మాట్లాడలేదు. ఆయన ఆస్పత్రికి పరిగెత్తుకొచ్చేసరికి కొట్టడానికి ఏమీ మిగల్లేదు.

ఆ మాట ఎవరిదో వాళ్లకు అప్పజెప్పాలి కదా. మొదట్లో పుండు మీద కారం చల్లినట్టు అవుతుందని ఆగింది. తర్వాత చెబుదామనుకునేసరికి దేశం మారింది, భాష మారింది. జ్వరాన్ని కొట్టమంది అని ఇంగ్లీషులో చెబితే అది బుడంకాయ మాట కాదు, పాఠంలో వాక్యం. తెలుగులో చెప్పాలంటే ఆయన ముందు ఆ పిల్ల పేరు పలకాలి. ఏడాదిలో ఆయన ఒక్కసారైనా ఆ పేరు తలచలేదు. మరిచిపోయాడని ఆమె అనుకోలేదు. మరిచిపోవాలని కంకణం కట్టుకున్నాడని మాత్రం అనుకుంది. అది ఇంకా ఎక్కువ బాధగా ఉండేది. వెళ్లమన్నది తనే కాబట్టి ఆ కోపంతోనే మూగనోము పట్టాడేమో అని కూడా ఒక్కోసారి అనుమానం వచ్చేది.

ఏడాది ఒప్పందం ముగియడానికి వచ్చింది. ఇంకో రెండేళ్లకు సంతకం చెయ్యమని బడివాళ్లు అడిగారు. ఇద్దరూ చేస్తేనే చెల్లుతుంది. ఆయన అప్పుడే చేసేశాడు. ఆమె చూద్దాం అంది గానీ, లోపల ఎప్పుడో తేల్చుకుంది. పిల్లల తల్లిదండ్రులు వచ్చి పాఠం చూసే రోజు ఒకటుంది. అది కాగానే తను చెయ్యనని చెప్పేసి, ఒంటరిగా అక్క దగ్గరికి వెళ్లిపోతుంది. బిడ్డ పేరు వినపడని ఇంట్లో ఇంకో రెండేళ్లు థాంక్యూలూ సారీలూ మింగుతూ బతకడం తన వల్ల కాదు.

ఇక పిల్లల సంగతి. ఆ బడిలో చేరగానే ప్రతి పిల్లా ఒక ఇంగ్లీషు పేరు ఎంచుకోవాలి. పెద్దవాళ్లు చెబితే ఒప్పుకోరు, వాళ్లకు నచ్చిందే పెట్టుకుంటారు. అందుకని తరగతిలో ముగ్గురు టైగర్లు, ఒక రోబో, ఒక పిజ్జా ఉన్నారు. లెమన్ అని ఒక పిల్ల ఉంది. పేరుకు తగ్గట్టు పచ్చ చొక్కా తప్ప ఇంకోటి వేసుకోదు. మిగతావాళ్లందరూ ఆయన మీసాలు చూసి దూరంగా కూర్చుంటే, లెమన్ మాత్రం ఆయన బూటు పక్కనే చతికిలబడేది. ఆయన ఆ పిల్లకు బొమ్మల కార్డు అందించేటప్పుడు చెయ్యి చాచి దూరం నుంచే అందించేవాడు. తల మీద చెయ్యి వెయ్యడం ఆమె ఎన్నడూ చూడలేదు.

తల్లిదండ్రులు వచ్చిన రోజు తరగతి అద్దంలా మెరిసింది. నిజానికి ఒక గోడంతా అద్దమే. దాని అవతల కుర్చీలు వేసి వాళ్లను కూర్చోబెట్టారు. మెత్తటి బూట్లతో చప్పుడు లేకుండా తిరిగే సూపర్‌వైజరమ్మ వెనకాల నిలబడింది. గది మూలన చెక్కతో చేసిన బొమ్మరిల్లు ఉంది. పిల్లలు వరసగా తలుపు తెరిచి లోపలికి వెళ్లి, ఇంకో పక్క నుంచి బయటికి రావాలి. తెరువు, మూయి, లోపలికి, బయటికి. ఆ రోజు పాఠం అంతే. ఆమె ముందు నిలబడి కార్డులు చూపిస్తోంది. ఆయన బొమ్మరింటి దగ్గర ఉన్నాడు. మొదటి టైగర్ వెళ్లాడు, రోబో వెళ్లాడు, పిజ్జా కాస్త తోసుకుంటూ వెళ్లాడు. లెమన్ గడప మీద ఉండగానే రెండో టైగర్ వెనక నుంచి తలుపు వేసేశాడు.

వేలు నలిగింది. పిల్ల ముందు నోరు తెరిచింది, ఊపిరి అందాక ఏడుపు బయటికొచ్చింది. ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో వాళ్లకు నేర్పారు. వంగి, కళ్లలోకి చూసి, బాగానే ఉన్నావా అని ఇంగ్లీషులో అడగాలి. ఐస్ ముక్క పెట్టాలి. పాఠం ఆగకూడదు. ఆయన వంగాడు. వేలు చూశాడు. ఆమె ఆ ఇంగ్లీషు వాక్యం కోసం ఎదురుచూస్తూ తర్వాతి కార్డు చేతిలోకి తీసుకుంది.

ఆయన అరచేతితో తలుపును ఫెడీమని కొట్టాడు.

"ఏమే తలుపూ, పిల్లనే కొడతావా? నీకెంత ధైర్యం?" అన్నాడు తెలుగులో.

లెమన్ ఏడుపు సగంలో ఆగింది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా విషయం మొత్తం అర్థమైనట్టు తలుపు వైపు కోపంగా చూసింది. ఆయన ఇంకోటి వేశాడు. పిల్లలు నవ్వారు. అద్దం అవతల ఒకరిద్దరు పెద్దవాళ్లు కూడా నవ్వారు. అక్కడితో ఆగి ఉంటే అదో ముచ్చటగా ఉండిపోయేది. ఆయన ఆగలేదు. మూడోది వేశాడు, నాలుగోది వేశాడు. చెక్క తలుపు బందు ఊడి వేలాడింది. అయినా కొడుతూనే ఉన్నాడు.

"మా బుడంకాయ జోలికొస్తావా? నేను లేనప్పుడు చూసి వస్తావా?"

నవ్వులు ఆగిపోయాయి. అద్దం అవతల ఒక తల్లి లేచి నిలబడింది. అద్దం ఇవతల ఆమె చేతిలో కార్డులు ఎప్పుడు జారిపోయాయో తెలియదు. ఏడాదిగా వినాలనుకున్న పేరు విన్నది. ఇలా వినాల్సి వస్తుందని అనుకోలేదు. ఏడవడానికి కూడా సమయం లేదు. వెళ్లి ఆయన మణికట్టు పట్టుకుంది. ఆ సందులో లెమన్ ముందుకొచ్చి, తన వంతు అనుకుందో ఏమో, నలగని చేత్తో తలుపుకు చిన్న దెబ్బ ఒకటి వేసి, వెళ్లి తన చోట కూర్చుంది.

సూపర్‌వైజరమ్మ చెడ్డ మనిషేం కాదు. తన గదిలో ఇద్దరినీ కూర్చోబెట్టి ముందు మంచినీళ్లు ఇచ్చింది. పిల్ల వేలికి ఏమీ కాలేదని చెప్పింది. తర్వాత అసలు సంగతికి వచ్చింది. టీచరు ఆరోగ్యం బాగుందా అని తల్లిదండ్రులు అడుగుతున్నారనీ, ఆయన మాట్లాడింది ఏ భాష అని కూడా అడుగుతున్నారనీ, ఇలా జరిగాక ఒప్పందం పొడిగించడం కుదరదనీ మెత్తగా చెప్పింది. సంతకం చెయ్యనని చెప్పడానికి ఆమె పొద్దున్నుంచీ కూడదీసుకున్న మాటలు ఎందుకూ కొరగాకుండా పోయాయి. ఆయన క్షమించమని సూపర్‌వైజరమ్మకు చెప్పాడు. బయటికొచ్చాక ఆమెకు కూడా చెప్పాడు, ఇంగ్లీషులోనే. నీ ఉద్యోగం కూడా పోగొట్టాను అన్నాడు.

బస్సులో ఇద్దరికీ చెరో చోట సీటు దొరికింది. రెండు వరసల ముందు కూర్చున్న ఆయన మెడ వెనక వెంట్రుకలు నెరిశాయని ఆమె అప్పుడే గమనించింది. ఎదురుగా వెళ్లి నిలబడే వీల్లేదు. మరి పిలవడమెలా?

"ఏమండీ," అంది.

బస్సులో ఎవరూ తల తిప్పలేదు. ఆయన తిప్పాడు.

"ఇలా రండి. చెయ్యి చూపించండి."

ఆయన లేచి వచ్చి పక్కన నిలబడి, ఒక చేత్తో కమ్మీ పట్టుకుని రెండో చెయ్యి చాచాడు. అరచెయ్యి ఎర్రగా వాచిపోయింది. చూపుడు వేలి కింద చెక్క పేడు దిగి ఉంది. ఆమె ఆ చేతిని ఇల్లు వచ్చేదాకా వదల్లేదు.

వంటగదిలో ఆమె నీళ్లు గోరువెచ్చగా కాచి, ఉప్పు వేసి, గిన్నె బల్ల మీద పెట్టింది. సూదితో పేడు తీసింది. ఆయన అబ్బా అన్నాడు. సారీ అని ఆమె అనలేదు, కాస్త ఓర్చుకోండి అంది. చెయ్యి నీళ్లలో పెట్టి ఆయన కిటికీ వైపు తిరిగాడు. ఆ తర్వాత మాట్లాడటం మొదలుపెట్టాడు. ఏడాదిగా వాడని బావిలో తోడినట్టు, ముందు మాటలు బురదగా, తడబడుతూ వచ్చాయి.

"తెలుగులో నోరు తెరిస్తే అదే వస్తుంది. ఏం మాట్లాడబోయినా అదే వస్తుంది. అందుకే మూసేశాను. నువ్వడుగుతావని కూడా భయం. ఆ రోజు ఎందుకెళ్లావని అడుగుతావని."

"వెళ్లమన్నది నేను కదండీ."

"వెళ్లింది నేను. వెళ్లకుండా ఉండాల్సింది. నువ్వు వెళ్లమన్నావని ఎవరికైనా చెబుతానా నేను? నాకు నేను కూడా చెప్పుకోలేదు."

ఇన్నాళ్లూ ఆ మూగనోము తన మీద కోపమనుకుంది ఆమె. ఆయన ఇన్నాళ్లూ ఆమె తప్పును కూడా తన నెత్తినే వేసుకుని మోస్తున్నాడు. ఆమెకు ఆయన మీద జాలి వేసింది, తన మీద తనకు సిగ్గు వేసింది, ఏడాది వృథా చేసినందుకు ఇద్దరి మీదా ఒళ్లు మండింది. ఆ మాట అనేసింది కూడా. నోరు విప్పి ఒక్క తిట్టు తిట్టి ఉంటే ఎంత బాగుండేదయ్యా మహానుభావా అని కళ్లు తుడుచుకుంటూనే చెడామడా దులిపేసింది. ఆయన తల వంచుకుని విన్నాడు. నీ ఇష్టం అని పక్క గదిలోకి వెళ్లలేదు.

"అది పడ్డప్పుడల్లా కొట్టడానికి ఏదో ఒకటి దొరికేది," అన్నాడు ఆయన. "గడపో, కుర్చీయో. ఆ రోజు ఆస్పత్రిలో దేన్ని కొట్టాలో తెలియలేదే. చెయ్యి ఊరికే ఉండిపోయింది."

ఇక దాచడానికి ఏమీ లేదు. ఆమె ఆయన పక్కకు కుర్చీ జరుపుకుని కూర్చుంది. ఆటోలో ఒళ్లో పడుకుని బుడంకాయ ఏమందో, ఎలా అందో, ఒక్క మాట కూడా మార్చకుండా చెప్పింది. నాన్నను రమ్మనమ్మా, వచ్చి జ్వరాన్ని కొట్టమను. చెబుతున్నప్పుడు ఆమె గొంతు ఆ పిల్ల గొంతులాగే అయింది. ఆయన ముఖం చూడటానికి ధైర్యం చాలక గిన్నెలో నీళ్ల వైపు చూసింది. ఆ నీళ్లు కదులుతున్నాయి.

అప్పుడు ఆయన అడిగాడు. ఏడాదిగా ఆయన దిగమింగుకుంటూ వచ్చిన ప్రశ్న అదేనని ఆమెకు వినగానే తెలిసిపోయింది.

"భయపడిందా?"

"లేదండీ," అంది ఆమె. "మీరొచ్చి కొడతారుగా. ఆ ధైర్యంతోనే పడుకుంది."

ఆయన ఏడ్చాడు. ఆమె ఊరుకోమనలేదు, తనూ ఏడ్చింది. గిన్నెలో నీళ్లు చల్లారిపోతే లేచి మళ్లీ కాచి తెచ్చింది.